హిందూపురంలో లేచిన అల

పోయిన నెల బెంగళూరులో ఒక మ్యూజియంలో నేను గట్టిగా అరిచాను. కాపలా ఆయన పరుగెత్తుకొచ్చి "అజ్జీ, ముట్టబేడి, ముట్టబేడి" అన్నాడు. నేను దేన్నీ ముట్టుకోలేదు. వేలు చూపించాను, అంతే. అరిచిన మాట మాత్రం నిజం.

కొత్త కళ్ళజోడు తెచ్చుకోవడానికి హిందూపురం నుంచి పోయాను. మా చెల్లెలి కూతురు ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తుంది. జోడు చేతికొచ్చాక బస్సుకు ఇంకా చాలా పొద్దు మిగిలింది. "ఈ ఎండలో యాడ తిరుగుతాం పెద్దమ్మా? మ్యూజియంలో సముద్రం ఫోటోలు పెట్టినారంట. ఏసీ ఉంటాది, పా" అంది. నేను ఏసీ కోసమే లోపలికి పోయాను. ఫోటోలు నాకు కొత్తేం కాదు. పద్దెనిమిదేళ్ళు ఫోటో స్టూడియోలో పని చేసినదాన్ని.

సముద్రం ఒడ్డున మనుషులు ఏమేం చేస్తారో అదంతా గోడలకు తగిలించారు. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడిన మగవాళ్ళు. తడిసిన పట్టుచీర పిండుకుంటూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక ముసలామె. ఎవరూ ఎక్కక విసిగిపోయిన గుర్రం. ఆ తర్వాత గదిలో జాలర్ల పిల్లలు చెక్కల మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి పోతున్నారు. మా పిల్ల పక్కన రాసింది చదివి చెప్పింది. మొదట్లో విరిగిన పడవ చెక్కలతో ఆడేవాళ్ళట, ఇప్పుడు దానికోసమే చేసిన రంగు రంగుల పలకలు, పందేలు, నేర్పే పంతుళ్ళు కూడా వచ్చారట.

"సర్ఫింగ్ అంటారు పెద్దమ్మా. అల మీద నిలబడి పోయేది."

"నిలబడి యాడికి పోతారు?"

"ఒడ్డుకే."

"ఒడ్డున్నుంచే కదా పోయింది?"

"ఊఁ."

"బాగుండాది పని."

ఆ మాటకు ఇద్దరమూ నవ్వుకుంటూనే చివరి గోడ దగ్గరికి వచ్చాము. గోడంతా ఒకటే ఫోటో. ఒక అల నిలబడి ఉంది. పండుకుని లేదు, పరుగెత్తుతూ లేదు, ఇంటి కప్పంత ఎత్తున నిలబడి, తల ముందుకు వంచి ఉంది. పైన అంచు వెండిలాగా మెరుస్తోంది. కింద గుహ. ఆ గుహలో పలక మీద ఒక అమ్మాయి, ఒళ్ళు కొద్దిగా వంచి, ఇంటి వాకిట్లో నిలబడినంత నిమ్మళంగా నిలబడింది.

అప్పుడే అరిచాను. "ఇది మా అన్న గీసిన అల!"

హిందూపురంలో, సముద్రం మొహం చూడని ఊళ్ళో, సముద్రం చూడని మనిషి ముప్పై ఏళ్ళ కిందటే ఈ అలను గుడ్డ మీద గీశాడు. దాన్ని తుడిపించింది నేను. నీళ్ళు ఇలా నిలబడవని చెప్పి తుడిపించాను. నిలబడతాయని ఆ గోడ ముందు తెలిసింది. ఆ మాట చెప్పుకోవడానికి ఆయన లేడు, పోయి రెండేళ్ళయింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగదని అక్కడే అర్థమైంది.

ఆయన పేరు రాయను. ఫోటోకు ముందువైపు మనిషి ఉండాలి, తీసినవాడి పేరు వెనకవైపు ముద్రలో ఉండాలి అనేది ఆయన పద్ధతి. నేను రాసేది ముందువైపు.

నేను పని చేసిన స్టూడియో ఆయనదే. తోడబుట్టకపోయినా ఆయన్ను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను మామూలుగా "ఏమ్మా" అని పిలిచేవాడు, కోపం వస్తే "ఓ ధర్మవరమా" అనేవాడు. నా పుట్టిల్లు ధర్మవరం. స్టూడియోలో నాది ఆడవాళ్ళ పని. తల దువ్వడం, పౌడరు రాయడం, కుచ్చిళ్ళు సరిచేయడం. పరాయి మగవాడు పైట సర్దితే ఏ ఆడది ఊరుకుంటుంది? ఆయన కెమెరా వెనక నుంచి చెప్పేవాడు, నేను సర్దేదాన్ని. నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకుంది కూడా అక్కడే, కవర్ల మీద జనం పేర్లు చూసి చూసి. ఆయన పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కెమెరాలో చూసీ చూసీ ఒక కన్ను చిన్నదైపోయింది. నిద్రపోయేటప్పుడు కూడా ఆ కన్నే గట్టిగా మూస్తాడని ఆయన భార్య, నేను వదినా అనే ఆమె, నవ్వేది.

స్టూడియోలోకి ఎవరు వచ్చినా మొదట నీళ్ళు ఇవ్వాలి. రొద్దం నుంచి, మడకశిర నుంచి బస్సుల్లో నిలబడి వచ్చేవాళ్ళు. "దప్పికతో ఉండే మొగం ఫోటోలో తెల్సిపోతాది. తరతరాలు దప్పికతోనే ఉంటాది గోడ మీద. పోయమ్మా ఇంగో చెంబు" అనేవాడు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఆ ఊపిరి వదిలేదాకా కెమెరా దగ్గరికి పోయేవాడు కాదు.

నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. జనం బిగుసుకుని కూర్చునేవాళ్ళు, సర్కారు ఆఫీసులో కూర్చున్నట్లు. ఆయన కెమెరా వెనక చాలాసేపు ఏదో చేస్తున్నట్లు నటించి, "ఆ, అయిపాయ, లేయండి" అనేవాడు. హమ్మయ్య అని వాళ్ళ భుజాలు దిగేవి. ఆ క్షణంలో నొక్కేవాడు. ఒకసారి ఒక పెద్దరైతు కొట్లాటకు దిగాడు.

"తీయకనే అయిపాయ అంటావేమప్పా?"

"తీసినా."

"నేనింగా మొగం పెట్టనే లేదు!"

"అందుకే తీసినా."

ఫోటో చేతికొచ్చాక ఆ రైతు దాన్ని చాలాసేపు చూసి, "మా నాయన మాదిరే ఉండానే" అని, ఇంకో రెండు కాపీలు అడిగాడు.

ఇంకొకటుంది. మా వైపు మబ్బు పడితే ఊరంతా మొహం వెలిగిపోతుంది. ఆయనొక్కడే ముఖం ముడుచుకునేవాడు. స్టూడియో పైకప్పులో పెద్ద అద్దం బిగించాడు, దాంట్లోంచి పడే వెలుతురే ఆయనకు ప్రాణం. మబ్బు అడ్డం వస్తే "పో, పక్కకు పో" అని పైకి చూసి గొణుగుతాడు, వెంటనే నాలుక కరుచుకుంటాడు. "పడనీలే. శెనక్కాయ ఎండిపోతాంది. పడనీ" అంటాడు. రోజుకు నాలుగుసార్లు ఇదే. వానను తిట్టి, వానకు క్షమాపణ చెప్పుకునే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

సముద్రం సంగతికి వస్తాను. రోడ్డుకు అవతల ఇంకో స్టూడియో వాళ్ళు మనుషుల వెనక వేలాడదీసే తాజ్‌మహల్ బొమ్మ తెర తెప్పించారు. కొత్త జంటలన్నీ అటు పోతున్నాయి. ఈయన నాలుగు రోజులు గడ్డం గోక్కుని, "మనం సముద్రం పెడతాం" అన్నాడు.

"నువ్వు చూసినావా అన్నా?"

"తాజ్‌మహల్ గీసినోడు తాజ్‌మహల్ చూసినాడా?"

క్యాలెండర్లలో సముద్రాలు తెప్పించుకుని చూశాడు. ఒక్కటీ నచ్చలేదు. "ఇదేంది, చాప పరిచినట్ల పండుకోనుండాది. అంత నీళ్ళు ఊరికే పండుకుంటాయా? లేస్తాయి. యట్ల లేస్తాయో తెలియాల" అన్నాడు.

తెలిసింది ధర్మవరంలో, మా పుట్టింట్లో. నా తోడబుట్టిన అన్న కొత్త మగ్గం పెట్టుకుంటే ఫోటో తీయడానికి నాతోపాటు వచ్చాడు. ఆరోజు ఒక చీర మగ్గం మీద నుంచి కోశారు. నీలం చీర, వెండి జరీ అంచు. కోసిన చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకుని, వెలుతురులో మచ్చలున్నాయేమో చూసి, ఒక్క విదిలింపు విదిలించి మడత పెడతారు. మా అమ్మ ఒక కొస, మా అన్న పెండ్లాం ఒక కొస. విదిలించగానే చీర మధ్యలో లేచింది. లేచి, అంచు ముందుకు వంగి, ఒక్క రెప్పపాటు అలాగే నిలబడి దిగింది.

"ఇంకొక్కసారి" అన్నాడు.

విదిలించారు.

"ఇంకొక్కసారిమ్మా. కొంచెం పైకి."

కెమెరా ఎత్తనే లేదు. నేల మీద కూర్చుని చూస్తున్నాడు. ఎన్నిసార్లు విదిలించారో నాకు లెక్క లేదు. మా అమ్మకు భుజం నొప్పెట్టింది. "ఏమప్పా, ఫోటో తీస్తావని కాఫీ పోస్తే, చీర ప్రాణం తీస్తాండావే! పట్టు ఇది, గోనెపట్ట కాదు!" అని కొస వదిలేసింది. ఆయన నవ్వుతూ లేచాడు. తిరుగు బస్సులో హిందూపురం వచ్చేదాకా చేత్తో గాలిలో వంపు గీస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్నామె నా చెవిలో "ఆయప్పకు ఏమన్నా జబ్బా?" అంది.

గుడ్డలు అతికించి కుట్టించాడు. సుద్ద, జిగురు పూసి ఆరబెట్టాడు. తలుపు వేసుకుని నెలరోజులు గీశాడు. శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు తప్ప మధ్యలో లేచేవాడు కాదు. నాకు మొదట చూపించిన రోజు నేను వెనక్కి అడుగు వేశాను. ఎడమవైపు నుంచి లేచి గోడంతా కమ్ముకుని తల వంచిన నీలం అల, దానికి వెండి అంచు, కింద ఇద్దరు మనుషులు నిలబడేంత గుహ. ఆ గుహలో జంటను నిలబెట్టి తీయాలని ఆయన ఆశ.

"యట్లుండాది?"

"బాగుండాదన్నా. భయంగా కూడా ఉండాది."

"రెండూ ఉండాల" అన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

మొదటి జంట రొద్దం నుంచి వచ్చింది. వెంట ఇంటిల్లిపాదీ. నీళ్ళు తాగారు. పెళ్ళికూతురికి నేను పూలు సర్దాను. పెళ్ళికొడుకు అవ్వ తెర వైపు చూసింది. చూసి, పిల్ల చేయి పట్టుకుని బయటికి లాగింది.

"ఏమవ్వా, ఏమాయ?"

"కట్ట తెగినట్లుండాది కదప్పా! పెండ్లి ఫోటోలో కట్ట తెగిన నీళ్ళు పెడతావా? బుద్ధుండాదా నీకు?"

మా సీమలో నీళ్ళు నిలువునా లేచి రావడం అంటే ఒకటే అర్థం. చెరువు కట్ట తెగిందని. పైరు పోయింది, గొడ్లు పోయాయి, కిందిఊరు పోయింది. ఆ ముసలామె ఎప్పుడో చూసి ఉంటుంది. "ఇది సముద్రం అవ్వా, దీనికి కట్ట ఉండదు" అని ఆయన చెప్తే ఆమె ఇంకా హడలిపోయింది. "కట్ట లేకపోతే నీళ్ళు యాడ నిలుస్తాయి?"

ఆ మాట పాకింది. వచ్చినవాళ్ళు వచ్చినట్లే మా నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, రోడ్డు దాటి తాజ్‌మహల్‌కు పోయేవాళ్ళు. దానికి తోడు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. "నేను మద్రాసులో కండ్లారా చూసినాప్పా. సముద్రం మోకాలికొస్తాది, పోతాది. ఇంతెత్తు లేచేది అబద్ధం" అని బీడీ ఆర్పి పోయాడు. చూసినవాడి మాట కాబట్టి బజారంతా నమ్మింది. నేనూ నమ్మాను. "ఏమప్పా, మీ చీర సముద్రం ఆరిందా?" అని టీకొట్టు దగ్గర ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. నవ్వి, టీ సగంలో వదిలేసి వచ్చేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ రాని రోజు, స్టూలు మీద కూర్చుని తెర వైపే చూస్తూ అడిగాడు. "చెప్పుమ్మా. ఉంచనా, తుడిచేయనా?"

నేను తల దువ్వే దువ్వెన కడుగుతున్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "తుడిచెయ్యన్నా. నీళ్ళు నిలబడేది యాడన్నా ఉండాదా? జనం నవ్వుతాండారు" అన్నాను.

సరే అన్నాడు. మర్నాడు పొద్దున రంగు నేనే కలిపి ఇచ్చాను.

అల పోయింది. దాని మీద చదునుగా నీళ్ళు వచ్చాయి. జనం అడిగింది ఇదే కదా అని అవతలి గట్టున కట్ట గీశాడు. కట్ట మీద చింతచెట్లు, ఒక తూము, నాలుగు నీటికాకులు. సముద్రానికి తూము! అచ్చం బుక్కపట్నం చెరువు. ఇక చూడండి, జనం తోసుకుంటూ వచ్చారు. తాజ్‌మహల్ ముందు ఈగలు తోలుకున్నారు.

"ఎంత బాగుండాది చెరువు!"

"చెరువు కాదమ్మా, సముద్రం" అనేదాన్ని నేను.

"ఏదో ఒకటిలే. కట్ట ఉండాది కదా, భయం లేదు."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే నీళ్ళిచ్చాడు, అయిపాయ లేయండి అన్నాడు, మబ్బును తిట్టి క్షమాపణ చెప్పుకున్నాడు. కానీ ఆ తెర ముందు తీసిన ఫోటోలు మా ఇంట్లో కొన్ని ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చాక కొత్త కళ్ళజోడు పెట్టుకుని అన్నీ బయటికి తీశాను. మనుషులు వెంట్రుకతో సహా స్పష్టంగా ఉన్నారు. వెనక సముద్రం మాత్రం ప్రతి ఫోటోలోనూ మసక. అప్పట్లో లెన్సు పాతదైందనుకున్నాను. తాజ్‌మహల్ వాళ్ళ లెన్సు కన్నా మాదే కొత్తది. ఆ కట్టను ఆయనే కావాలని మసకలో ఉంచేశాడు.

అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. ఆయన పెనుకొండలో వదిన పుట్టింటి పక్కన చిన్న ఇల్లు కట్టుకుని పోయాడు. నేను ఆరు నెలలకోసారి పోయొచ్చేదాన్ని. అరుగు మీద కూర్చునేవాడు. ఎవరు సెల్లు తెచ్చి ఫోటో చూపించినా పక్కకు తిప్పి, ఎత్తి, దించి చూసి, "మీ అమ్మకు కాళ్ళు నరికినావు కదబ్బా" అనేవాడు. ఒక్కసారి మాత్రం, టీ తాగుతూ తాగుతూ, "నువ్వు సముద్రం చూసినావా?" అని అడిగాడు.

"లేదన్నా. నువ్వు?"

"నేనూ లేదు" అని, టీలో చక్కెర తక్కువైందని వదినను కేకేశాడు. అంతే. మేమిద్దరం ఆ సంగతి మాట్లాడింది అంతే.

మ్యూజియంలో మా పిల్ల తన సెల్లులో ఆ గోడ ఫోటో తీసి నా సెల్లుకు పంపింది. మూడోరోజే పెనుకొండ బస్సెక్కాను. వదిన వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి, "ఏం మేయ్, కబురు లేకుండా ఊడిపడినావు? అద్దాలు కొత్తవా? డాక్టరమ్మ మాదిరి ఉండావు" అంది. పక్కన కూర్చుని నేనూ రెండు గింజలు తీశాను. చివరికి సెల్లు తీసి ఆమె చేతిలో పెట్టాను.

చాలాసేపు చూసింది. దూరం పెట్టి చూసింది. కొంగుతో అద్దం తుడిచి చూసింది.

"ఇది నిజమైన నీళ్ళా?"

"నిజమే వదినా."

"ఈ పిల్ల లోపల నిలబడిందే, దీనికేం కాలేదా?"

"ఏం కాలేదంట. అదో ఆటంట."

"ఆయప్ప చెప్తానే ఉండె, లోపల ఇద్దరు పడతారని" అంది. ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. కొడుకు పరీక్ష పాసైన తల్లిలా ఉంది.

అప్పుడు చెప్పేశాను. "వదినా, దాన్ని తుడిపించింది నేనే. ఆ రోజు ఆయన అడిగితే, తుడిచెయ్ అన్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు."

"తెల్సు."

"తెల్సా?"

"ఆ దినమే ఇంటికొచ్చి చెప్పినాడు. అన్నం తినలా."

"నన్ను తిట్టినాడా?"

"తిట్టుంటే బాగుండు. 'ఊరంతా నవ్వినా ఉంచుకుంటాంటి. నాకే కొంచెం అనుమానం ఉండె. ఆయమ్మ ఒక్కతి ఉండనీ అన్నా అనుంటే చాలు' అన్నాడు. అంతే. మళ్ళా ఎత్తలేదు ఆ మాట."

నేను తీసిన గింజనే మళ్ళీ చింతపండులోకి నొక్కాను. వదిన గింజలు తీస్తూనే ఉంది. తర్వాత చేతులు దులుపుకుని, లేచి లోపలికి నడిచింది. నేనూ వెనకాలే పోయాను. గోడ మీద ఆయన ఫోటో ఉంది. జీవితమంతా ఊరి మొహాలు తీసిన మనిషికి ఆధార్ కార్డులోది పెద్దది చేయించిన ఫోటో ఒక్కటే మిగిలింది. దాంట్లో దొంగలాగా ఉన్నాడు, చిన్న కన్ను ఇంకా చిన్నగా. వదిన సెల్లును ఆ ఫోటోకు ఎదురుగా ఎత్తి పట్టుకుంది.

"అప్పుడు అనలేదు కదా. ఇప్పుడను" అంది.

"ఏమని?"

"ఏమనాల్నో ఇప్పుడే కదా చెప్పినా."

ఫోటోలతో మాట్లాడటం నాకు చేతకాదు. మెల్లగా, నాకే వినపడీ వినపడనట్లు, "ఉండనీ అన్నా" అన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. "గట్టిగా చెప్పు మేయ్. ఆఖర్లో ఆయప్పకు చెవులు వినపల్లేదు."

గట్టిగా చెప్పాను. పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీది నుంచి తొంగి చూసేంత గట్టిగా చెప్పాను.

"ఉండనీ అన్నా! బాగుండాది! తుడవద్దు!"